పిల్లలకు రాదా, మనకు అడగడం రాదా?

పుట్టి కొద్ది రోజులైన శిశువును చంకల కింద చేతులు వేసి నిటారుగా పట్టుకొని పాదాలను బల్లకు ఆనిస్తే, నడుస్తున్నట్టుగానే కాళ్లను ఒకదాని తరువాత ఒకటి కదుపుతుంది. రెండు నెలలు వచ్చేసరికి ఆ అడుగులు మాయమవుతాయి, నడక నేర్చే వేళ దగ్గర పడితే గాని మళ్లీ కనిపించవు. మెదడు పైపొర పరిపక్వమవుతూ, పుట్టుకతో వచ్చిన ఆ ప్రతిచర్యను అణచివేస్తుందని పాఠ్యపుస్తకాలు దశాబ్దాల పాటు కారణం చెప్పాయి. వినడానికి ఎంతో సబబుగా ఉన్న ఈ వివరణను శిశు వికాస పరిశోధకురాలు ఎస్తర్ థెలెన్, ఆమె సహచరులు 1984లో ప్రచురించిన ప్రయోగంతో ప్రశ్నించారు. శిశువుల కాళ్లను నీళ్లలో ఉంచి పట్టుకుంటే అడుగులు పెరిగాయి. అవే కాళ్లకు చిన్న బరువులు కడితే తగ్గాయి. తొలి నెలల్లో కాళ్లకు కొవ్వు పట్టినంత వేగంగా కండబలం రాదు కాబట్టి, అడుగులు మాయం కావడానికి మెదడులో ఏదో అణగిపోయిందని అనుకోవలసిన అవసరమే లేకుండా పోయింది. శిశువు ఎత్తలేనంతగా కాళ్లు బరువెక్కాయి, అంతే.

విశ్వవిద్యాలయంలో శిశు, కౌమార వికాసాన్ని ప్రధానాంశంగా చదివి ఏం నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే నేను ముందుగా చెప్పేది ఈ ప్రయోగం గురించే. 'ఈ వయసు పిల్లలకు ఇది రాదు' అన్న వాక్యం వినగానే అది పిల్లల గురించిన వాక్యమేనా, లేక మనం పెట్టిన పరీక్ష గురించిన వాక్యమా అని ఆగి చూసుకోవడమే ఈ చదువులో నిలిచే భాగమని నా నమ్మకం. దశలూ వయసులూ సిద్ధాంతకర్తల పేర్లూ కావాలంటే ఏ గైడు పుస్తకంలోనైనా దొరుకుతాయి. వాటి కోసమే అయితే మూడు నాలుగేళ్లు విశ్వవిద్యాలయంలో గడపనవసరం లేదు.

ఈ చదువును తక్కువ చేసి మాట్లాడేవాళ్లు రెండు రకాలు. పిల్లల్ని అందరూ పెంచుతూనే ఉన్నారు కదా, దానికి డిగ్రీ ఎందుకని అడిగేవాళ్లు మొదటి రకం. పిల్లల పెంపకానికి సూత్రాలు నేర్పుతారనుకొని చేరి, రెండో సెమిస్టరుకే నిరాశపడేవాళ్లు రెండో రకం. పైకి వీళ్లిద్దరూ వేర్వేరు వైపుల నిలబడినట్టు కనిపించినా పొరపాటు ఒక్కటే: ఈ శాస్త్రం పిల్లల గురించిన సమాచారపు మూట అని వాళ్ల ఊహ. నా దృష్టిలో ఇది ముఖ్యంగా, తన మనసులో మాట తాను చెప్పలేని మనిషి గురించి మనం ఏ ఆధారంతో ఏం చెప్పగలమో తేల్చుకొనే శాస్త్రం. మాటే రాని శిశువు దగ్గర ఈ ఇబ్బంది ఎంత తీవ్రమో, అక్కడ పుట్టిన ఉపాయాలూ అంత చక్కనివి. ఏది ఎంతసేపు చూస్తుందో కొలవడం, ఏ శబ్దానికి పాలపీకను ఎలా చప్పరిస్తుందో లెక్కపెట్టడం అలాంటివే. మూడు రోజులైనా నిండని శిశువులు, పరాయి స్త్రీ గొంతు కన్నా తల్లి గొంతు వినిపించే విధంగా తమ చప్పరింతను మార్చుకుంటారని పరిశోధకులు డికాస్పర్, ఫైఫర్ 1980లో చూపించింది ఈ రెండో ఉపాయంతోనే.

మాకు మొదటి ఏడాదిలోనే పరిశీలన ప్రాక్టికల్స్ ఉండేవి. నర్సరీ గదిలో ఒక మూల పొట్టి కుర్చీలో కూర్చొని, ఒకే ఒక్క పిల్లను లేదా పిల్లవాణ్ణి ఎంచుకొని, నిర్ణీత సమయం పాటు కంటికి కనిపించినదంతా రికార్డులో రాయాలి. కనిపించనిది రాయకూడదు. ఈ రెండో నియమం వినడానికి తేలిక. 'పాప కోపంగా బొమ్మబండిని లాక్కుంది' అని తరగతిలో దాదాపు అందరి పుస్తకాల్లోనూ ఏదో ఒక రూపంలో ఉండేది. మేడమ్ 'కోపంగా' అన్నదాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, ఆ మాట తీసేస్తే ఇంకేం మిగిలిందో రాయమనేవారు. అప్పుడు మిగిలేది ఇలా ఉండేది: పాప బండిని రెండు చేతులతో పట్టుకొని తన వైపు లాగింది; పెదవులు బిగించింది; బండి చేతికి రాగానే దాని వంక చూడకుండా నేల మీద పెట్టి, అవతలి పిల్లవాడు కూర్చున్న చోట తాను కూర్చుంది. 'కోపంగా' ఉన్నంతసేపూ ఈ చివరి సగం ఎవరికీ కనిపించలేదు, ఎందుకంటే ఆ ఒక్క మాటతో కథ ముగిసిపోయింది. ఆ పాపకు కావలసింది బండి కాదేమో, కిటికీ పక్కన ఉన్న ఆ చోటేమో అన్న ప్రశ్న, విశేషణం పోయిన తరువాతే పుట్టింది.

ఆ తరువాత ఇద్దరేసి విద్యార్థులం ఒకే పాపను విడివిడిగా గమనించి, మా రాతలు ఎక్కడ కలిశాయో ఎక్కడ కలవలేదో లెక్కగట్టేవాళ్లం. పరిశీలకుల మధ్య ఏకీభావం అని పరిశోధన పద్ధతుల పేపరులో ఒక పేరాలో ముగించే విషయమిది. కళ్లెదుట జరిగినదాని గురించి తోటి విద్యార్థితో అరగంట వాదించిన తరువాత గాని, ఆ పేరా ఎందుకు రాశారో బోధపడదు. ఈ ప్రాక్టికల్స్‌ను ఖర్చు పేరుతోనో, అనుమతుల కష్టం పేరుతోనో తగ్గించి, వాటి స్థానంలో వీడియోలు చూపించి సరిపెట్టే ధోరణి నాకు బొత్తిగా నచ్చదు. వీడియోలో ఎటు చూడాలో కెమెరా ముందే నిర్ణయించి ఉంటుంది.

ఇక పియాజే, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన స్విస్ మనస్తత్వవేత్త. ఈ చదువులో ఆయన పేరు రాని వారం ఉండదు, ఆయనకు జరిగినంత అన్యాయం కూడా మరొకరికి జరగలేదు. 1919 ప్రాంతంలో పారిస్‌లో, బుద్ధి పరీక్షలకు ఆద్యుడై, అంతకు కొన్నేళ్ల ముందే కన్నుమూసిన ఆల్ఫ్రెడ్ బినే ప్రయోగశాల పాఠశాలలో, బినే సహచరుడు థియోడర్ సిమాన్ అప్పగించిన పని మీద ఆయన తార్కిక పరీక్షలను పిల్లల మీద ప్రామాణీకరిస్తూ ఉండేవారు. సరైన జవాబులను లెక్కించడం ఆ ఉద్యోగం. ఆయన దృష్టి మాత్రం తప్పు జవాబుల మీద పడింది: ఒక వయసు పిల్లలు ఇంచుమించు ఒకే రకమైన తప్పులు ఎందుకు చేస్తున్నారు? లెక్కలోకి రాని జవాబుకు కూడా లోపల ఒక తర్కం ఉంటుందని పట్టుకోవడమే ఆయన గొప్పతనం. మనం తరగతి గదుల్లో చేసిందేమిటంటే, ఆ ప్రశ్నను పక్కన పెట్టి, ఆయన ఇచ్చిన నాలుగు దశలను – ఇంద్రియ చాలక, పూర్వ ప్రచాలక, మూర్త ప్రచాలక, అమూర్త ప్రచాలక – వయసులతో సహా బట్టీ పట్టించడం.

పదిలపరచుకొనే భావన మీద, అంటే పైరూపం మారినా సంఖ్య, పరిమాణం మారవన్న ఎరుక మీద, ఆయన చేసిన ప్రయోగాన్నే తీసుకుందాం. పిల్లవాడి ముందు బిళ్లలను రెండు సమానమైన వరుసల్లో పేర్చి, రెండింటిలోనూ సమానంగా ఉన్నాయా అని అడుగుతారు. ఉన్నాయంటాడు. అప్పుడు పెద్దమనిషి ఒక వరుసలోని బిళ్లలను ఎడంగా జరిపి అదే ప్రశ్న మళ్లీ అడుగుతాడు. నాలుగైదేళ్ల పిల్లల్లో చాలామంది, పొడుగైన వరుసలో ఎక్కువ ఉన్నాయంటారు. దీన్నిబట్టి సంఖ్య మారలేదన్న ఎరుక వాళ్లకు ఇంకా లేదని తేల్చారు. ఇందులో పిల్లవాడి వైపు నుంచి ఒక్కసారి చూడండి. పెద్దమనిషి తన కళ్లెదుటే పనిగట్టుకొని ఒక మార్పు చేశాడు; చేసి, ఇందాక అడిగిన ప్రశ్ననే మళ్లీ అడిగాడు. బడిలో గాని ఇంట్లో గాని పెద్దలు ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగితే, మొదటి జవాబు వాళ్లకు నచ్చలేదనే సాధారణంగా అర్థం. 1970ల మధ్యలో జేమ్స్ మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ ఈ అనుమానాన్నే ప్రయోగంగా మలిచారు. పెద్దమనిషికి బదులు ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ పెట్టెలోంచి బయటికి దూకి, ఆటను పాడుచేస్తున్నట్టుగా బిళ్లలను చెదరగొడుతుంది. ఈసారి, నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య పిల్లల్లో అంతకు ముందుకన్నా చాలా ఎక్కువమంది, సంఖ్య మారలేదని సరిగానే చెప్పారు.

కథ ఇక్కడితో ముగిస్తే, 'పియాజే తప్పు' అని ఇంకో వాక్యం బట్టీ పట్టినట్టే అవుతుంది, చాలా కోర్సుల్లో జరిగేదీ అదే. ఎలుగుబంటి గోలలో పిల్లలు బిళ్లల వంక సరిగా చూడనే లేదేమో, గమనించకుండానే సమానమని అన్నారేమో అన్న ఎదురు వాదన ఆ తరువాత వచ్చింది, దాన్నీ పరీక్షకు పెట్టారు. పిల్లవాడు తప్పు జవాబిస్తే పరీక్షను అనుమానించినట్టే, ఒప్పు జవాబిచ్చినప్పుడూ అనుమానించాలి. పిల్లలను మెచ్చుకోవాలన్న ఉబలాటం కూడా, వాళ్లను తక్కువగా చూసే అలవాటు లాగే, పరిశీలకుడి కళ్లకు గంతలు కడుతుంది. ఈ రెండో జాగ్రత్త నాకు మొదటిదాని కన్నా కష్టంగా అబ్బింది.

ఇలాంటి గాథే వాల్టర్ మిషెల్ తీపి ముక్క ప్రయోగానిది. చిన్నపిల్లల ముందు ఒక తీపి ముక్క పెట్టి చెప్పే షరతు ఇది: ఇప్పుడే తింటే ఒకటి, కాసేపు ఆగితే రెండు. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక చదువులోనూ నడవడిలోనూ మెరుగ్గా ఉన్నారన్న అనంతర ఫలితాలు 1990 నాటికే వచ్చి, బడుల నుంచి వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల దాకా పాకిపోయాయి. 2013లో సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు ఒక చిన్న మెలిక పెట్టారు. అసలు పరీక్షకు ముందు, మంచి రంగు సామగ్రి తెచ్చి ఇస్తానని పెద్దమనిషి మాట ఇస్తాడు. కొందరు పిల్లల దగ్గర ఆ మాట నిలబెట్టుకుంటాడు, మిగతావారి దగ్గర ఉత్త చేతులతో తిరిగొస్తాడు. మాట నిలబెట్టుకున్న మనిషి దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు, మాట తప్పిన మనిషి దగ్గర 3 నిమిషాలే ఆగారు. అందులో పాల్గొన్నది 28 మంది పిల్లలే కాబట్టి దాని మీద పెద్ద మేడలు కట్టకూడదు. అయినా, అప్పటిదాకా పిల్లవాడి గుణంగా లెక్కించినదానిలో ఎదుటి పెద్దమనిషి వాటా కూడా ఉందన్న సంగతి దాంతో బయటపడింది. 2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హావోనన్ క్వాన్ 900 మందికి పైగా పిల్లల సమాచారంతో మళ్లీ లెక్కగడితే, తొలి అధ్యయనాల్లో కనిపించిన సంబంధం సగానికి తగ్గింది; కుటుంబ నేపథ్యాన్నీ, తొలి వయసులోని గ్రహణశక్తినీ, ఇంటి వాతావరణాన్నీ లెక్కలోకి తీసుకున్నాక మిగిలినదానిలోనూ మూడింట రెండు వంతులు కరిగిపోయింది. మాట ఇచ్చి తప్పే పెద్దల మధ్య పెరిగిన పిల్లవాడు చేతికి అందినదాన్ని వెంటనే తినేస్తే, దాన్ని నిగ్రహం లేకపోవడం అనాలో, లోకజ్ఞానం అనాలో తేల్చడానికి నిమిషాల లెక్క ఒక్కటే చాలదు.

వయసుల పట్టికల మీద కూడా ఇదే అనుమానం ఉండాలి. పాకడం ఎన్నో నెలలో వస్తుందన్నది శరీరపు గడియారం ఒక్కటే నిర్ణయించే విషయం కాదు. శిశువులను వెల్లకిలా పడుకోబెట్టాలన్న ప్రచారం అమెరికాలో 1994లో మొదలైన తరువాత జరిగిన అధ్యయనాల్లో, వెల్లకిలా పడుకొనే శిశువులు బోర్లా పడుకొనే వారికన్నా కాస్త ఆలస్యంగా పాకుతున్నారని, నడక మాత్రం ఇంచుమించు ఒకే సమయానికి వస్తోందని తేలింది. కెన్యాలోని కిప్సిగిస్ సమాజంలో తల్లులు పనిగట్టుకొని సాధన చేయించే కూర్చోవడం, నడవడం పిల్లలకు ముందే వస్తాయనీ, సాధన చేయించని కదలికల్లో ఆ ముందంజ ఉండదనీ చార్లెస్ సూపర్ 1976లోనే రాశారు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2022లో సవరించిన తన పట్టికలో పాకడాన్ని అసలు మైలురాయిగానే ఉంచలేదు. సగం మంది పిల్లలకు వచ్చే వయసుకు బదులు, కనీసం నాలుగింట మూడు వంతుల మందికి వచ్చే వయసును ప్రమాణంగా తీసుకుంది. పిల్లలు మారలేదు, గీత ఎక్కడ గీయాలన్న నిర్ణయం మారింది. పైగా, 2017లో మార్క్ నీల్సన్, సహచరులు ఈ రంగపు ముఖ్యమైన పత్రికలను తిరగేస్తే, పరిశోధనల్లో పాల్గొన్నవారిలో 90 శాతానికి పైగా పాశ్చాత్య సంపన్న దేశాల వారేనని తేలింది. 'పిల్లలు' అని పుస్తకంలో ఉన్నచోటల్లా ఏ పిల్లలని అడగడం విద్యార్థి హక్కు. ఆ ప్రశ్నకు విసుక్కొనే లెక్చరరు ఉంటే అది ఆ లెక్చరరు లోపం.

కాలం తెచ్చే చిక్కు ఇంకొకటి. ఒకే రోజున ఐదేళ్లవారినీ పదేళ్లవారినీ పదిహేనేళ్లవారినీ పరీక్షించి పోల్చే తిర్యక్ పద్ధతి చౌక. ఒకే పిల్లలను ఏళ్ల తరబడి వెన్నంటే అనుదైర్ఘ్య పద్ధతికి ఖర్చుతో పాటు ఓపిక కూడా కావాలి. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన 1,037 మందిని మూడో ఏట నుంచి అనుసరిస్తున్న అధ్యయనం, వాళ్లకు 45 ఏళ్లు వచ్చినా, బతికి ఉన్నవారిలో 90 శాతానికి పైగా మందిని నిలుపుకోగలిగింది. ఈ ఒక్క అంకె వెనక ఎన్ని ఉత్తరాలు, ఎన్ని ప్రయాణ ఖర్చులు, ఎంతమంది గుమాస్తాల శ్రమ ఉందో పరీక్ష పేపర్లలో ఎవరూ అడగరు. ఇంత చేసినా అది ఒక తరం కథే. గ్లెన్ ఎల్డర్ 1974లో వెలువరించిన పరిశోధన, తన తరువాతి పనితో కలిపి చూస్తే, ఒకే ఆర్థిక మాంద్యం 1920 ప్రాంతంలో పుట్టి అప్పటికి కౌమారంలో ఉన్న పిల్లల మీద ఒక రకంగా, వారికన్నా ఎనిమిదేళ్లు చిన్నవారి మీద మరో రకంగా పనిచేసిందని, ముఖ్యంగా ఆ చిన్న మగపిల్లలు ఎక్కువగా దెబ్బతిన్నారని చెబుతుంది. వికాసం వయసుతో పాటు, ఆ వయసు ఏ సంవత్సరంలో వచ్చిందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది.

కౌమారం దగ్గరకు వచ్చేసరికి ఈ జాగ్రత్తలన్నీ గాలికి పోతాయని నా ప్రధానమైన ఫిర్యాదు. కోర్సు పేరులో సగం వాటా కౌమారానిదే అయినా, గర్భం నుంచి ఐదో ఏడు దాకా తీరికగా నడిచే సిలబస్ చివరి రెండు మూడు వారాల్లో పదేళ్ల జీవితాన్ని పరుగులు తీయిస్తుంది. శిశువు విషయంలో 'ఏ ఆధారంతో అంటున్నారు' అని నిలదీసే అదే తరగతి, పదిహేనేళ్లవాడి దగ్గరకు రాగానే 'ఆ వయసు అంతే' అన్న మాటకు తలూపుతుంది. అమెరికన్ మనస్తత్వవేత్త స్టాన్లీ హాల్ 1904లో కౌమారాన్ని తుపానుల, ఒత్తిళ్ల దశగా చిత్రించినప్పటి నుంచి ఆ చిత్రం చెక్కుచెదరలేదు. కారణాలు మాత్రం మారుతూ వచ్చాయి: ఒకప్పుడు హార్మోన్లు, ఇప్పుడు మెదడు ముందు భాగం. మెదడు 25 ఏళ్లకు పూర్తవుతుందని అందరూ అలవోకగా అనేస్తున్నారు గాని, అలా తెగిన గీతను చూపించే స్కానింగు ఏదీ లేదు. వేర్వేరు భాగాలు వేర్వేరు వేగాలతో మారుతూ ఉంటాయి, మార్పు ఒక పుట్టినరోజున ఆగదు.

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఒక న్యాయస్థానపు వివాదం. పద్దెనిమిదేళ్ల లోపు చేసిన నేరానికి మరణశిక్ష వేయరాదని అమెరికా సుప్రీంకోర్టు 2005లో, రోపర్ వర్సెస్ సిమన్స్ కేసులో తీర్పు ఇచ్చింది. కౌమారుల నిర్ణయశక్తి పెద్దల స్థాయికి ఇంకా చేరదని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ ఆ కేసులో కోర్టుకు విన్నవించింది. అదే సంస్థ 1990లో, హాడ్జ్‌సన్ వర్సెస్ మిన్నెసోటా కేసులో, గర్భస్రావం గురించి కౌమార బాలికలు పెద్దలతో సమానంగా ఆలోచించి నిర్ణయించుకోగలరని వాదించి ఉంది. రోపర్ తీర్పుతో విభేదించిన న్యాయమూర్తి స్కాలియా ఈ వైరుధ్యాన్ని ఎత్తిచూపారు. పైకి చూస్తే ఇది అవకాశవాదమే. 2009లో లారెన్స్ స్టైన్‌బర్గ్, సహచరులు ఇచ్చిన సమాధానం వేరు: సావకాశంగా, సమాచారం చేతిలో పెట్టుకొని, సలహా తీసుకొని చేసే ఆలోచనలో పదహారేళ్లవారు పెద్దలకు ఇంచుమించు సమానమే, ఉద్రేకం, తొందర, తోటివారి ఒత్తిడి ఉన్నచోట తమను తాము నిలవరించుకోవడం ఇరవైల్లోకి వెళ్లేదాకా మెరుగవుతూనే ఉంటుంది. ఆయనే మార్గో గార్డ్‌నర్‌తో కలిసి 2005లో ప్రచురించిన ప్రయోగంలో, కారు నడిపే వీడియో ఆటను ఒంటరిగా ఆడినప్పటి కన్నా స్నేహితులు పక్కన ఉన్నప్పుడు అందరి సాహసమూ పెరిగింది గాని, అది కౌమారుల్లో పెద్దల కన్నా చాలా ఎక్కువగా పెరిగింది.

ఈ వివరణను అందరూ ఒప్పుకోలేదు. ఒకే సమాధానం రెండు కేసులకూ ఇంత చక్కగా కుదరడం కాస్త అనుమానాస్పదమని నాకూ అనిపిస్తుంది. కాని ప్రశ్న అడిగిన తీరు మాత్రం సరైనది. కౌమారులు పరిణతి చెందినవారా, కారా అని అడగకుండా, ఏ పనిలో, ఎవరి సమక్షంలో, ఎంత వ్యవధిలో అని అడగడం వల్లే ఏదో ఒకటి కొలవడం సాధ్యమైంది. ఓటు హక్కు వయసు, డ్రైవింగ్ లైసెన్సు వయసు, వైద్యానికి స్వయంగా సమ్మతి ఇచ్చే వయసు – వీటన్నిటికీ ఒకే అంకె ఉండాలని పట్టుబట్టేవారు, ఈ మూడూ మూడు వేర్వేరు పరిస్థితులన్న సంగతిని వదిలేస్తున్నారు. రహస్యంగా, ఒంటరిగా, నెలల తరబడి ఆలోచించి వేసే ఓటుకూ, నలుగురు స్నేహితులను ఎక్కించుకొని రాత్రివేళ నడిపే కారుకూ కావలసిన నిగ్రహం ఒకటి కాదు.

ఈ చదువుతో ఏ ఉద్యోగం వస్తుందన్నది న్యాయమైన ప్రశ్నే. బడులు, బాలల సంక్షేమ సేవలు, ఆసుపత్రుల్లో పిల్లల విభాగాలు, పరిశోధన. చాలాచోట్ల దీని మీద ఇంకో అర్హత కూడా సంపాదించుకోవాలి. చేరబోయేవారు ఆ వివరాలు ముందే కనుక్కోవడం మంచిది. వాటితో పాటు, విభాగం వారిని ఇంకో రెండు సంగతులు అడగమంటాను. మొదటిది, పిల్లలను ప్రత్యక్షంగా గమనించే ప్రాక్టికల్స్ ఎన్ని గంటలు, వాటి రికార్డులను ఎవరు దిద్దుతారు? రెండోది, కౌమారానికి ఎన్ని వారాలు, ఆ వారాల్లో విద్యార్థులు కౌమారులతో మాట్లాడతారా? పద్నాలుగేళ్లవాడికి, శిశువుకు లేనిది, మాట ఉంది. తన గురించి తాను చెప్పుకోగలడు, మనం పెట్టిన ప్రశ్న బాగా లేదని మొహం మీదే అనగలడు. ఆ సదుపాయాన్ని వాడుకోకుండా మెదడు బొమ్మలతో పాఠం ముగించే విభాగం అయితే, పేరు ఎంత పెద్దదైనా నేను రెండోసారి ఆలోచిస్తాను.